చింకిగుడ్డ మొదలు సుబాబులు కఱ్ఱ వఱకు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరినప్పుడు, గ్రంథాలయ చరిత్రనే వ్రాయుమందురని తలచితిని. ఆ పనిని నాకంటె బాగుగ ఎఱిగిన పెద్దలు చేపట్టియున్నారు. స్థలమిచ్చిన దెవరు, ఇంటింట తిరిగి చందాలు పోగుచేసిన దెవరు, మొదటి బీరువా ఏ యింటినుండి వచ్చినది, ఇవన్నియు ఆ పుటలలో చదువరులు చూడగలరు. నాకు మిగిలినది ఆ బీరువాలలో నున్న సరకు. పుస్తకములలోని విషయమును గూర్చి గాక, పుస్తకము దేనితో చేయబడునో ఆ కాగితమును గూర్చి వ్రాయుటకు పూనుకొంటిని. ఇట్లు పూనుకొనుటకు ఒక కారణము కలదు.

ఉత్సవమునకు ముందు నెలలో బీరువాలు ఖాళీచేసి పుస్తకములు దులుపుచుండగా రెండు వస్తువులు ఒకదాని తరువాత ఒకటి నా చేతికి వచ్చినవి. మొదటిది మన యూరి పాత కుటుంబ మొకటి గ్రంథాలయమునకు ఒప్పగించిన చిట్టాపుస్తకము. ప్రత్తి తూకములు, మిరప ధరలు, వడ్డీ లెక్కలు నల్లని సిరాతో వ్రాయబడియున్నవి. నూఱేండ్లు దాటినది. అంచులు పురుగు కొట్టినవి, కాని పుట మడచినను విఱుగలేదు. రెండవది 1940 ప్రాంతమున అచ్చయిన ఒక నవల. దాని పుటలు బెల్లపు రంగునకు తిరిగియున్నవి. ఒక పుట త్రిప్పబోగా వేయించిన అప్పడమువలె విఱిగి నా వేళ్లనడుమ పొడియయ్యెను. నాకు సాయము చేయుచున్న ఎనిమిదవ తరగతి పిల్లవాడు అది చూచి, “తాతయ్యా, ముసలిది గట్టిగా ఉంది, చిన్నది చచ్చిపోతోందేం?” అని అడిగెను. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నాకు సమాధానము తోచలేదు. తరువాత వెదకి తెలిసికొన్నది ఇచట వ్రాయుచున్నాను.

కాగితము రాకపూర్వము మన దేశమున వ్రాతకు తాటియాకు ముఖ్యమైన ఆధారము. ఆకులను ఉడికించి, నీడన ఆరవేసి, నునుపుచేసి, సమముగా కత్తిరించి, గంటముతో అక్షరములు గీచి, మసి పూసి తుడిచిన అక్షరములు నల్లగా తేలును. లెక్కలకు, కరణీకపు దాఖలాలకు మఱియొక సాధనము కూడ నుండెను. దానికి కడితమని పేరు. గుడ్డకు చింతగింజల అంబలి, బొగ్గుపొడి కలిపి పట్టించి, నల్లని పలకవలె చేసి, మడతలు మడచి, దానిపై బలపముతో వ్రాసెడివారు. కర్నల్ కాలిన్ మెకంజీ కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయముతో పందొమ్మిదవ శతాబ్ది మొదటి దశాబ్దములలో గ్రామ చరిత్రలు సేకరించినప్పుడు, మన గుంటూరు సీమ కైఫీయతులు అనేకము ఊరూర నున్న దండకవిలెల నుండియే ఎత్తి వ్రాయబడినవి. నాడు ఆ కైఫీయతులు కాగితముపై కెక్కకున్నచో ఎన్నో గ్రామముల కథలు చెదలపాలై యుండెడివి.

కాగితమను మాటయే మనది కాదు. పారసీ భాషలోని ‘కాగజ్’ మన నోట కాగితమైనది. వస్తువు అంతకంటె దూరమునుండి వచ్చినది. క్రీస్తుశకము 105లో చీనా రాజాస్థానమున త్సాయి లున్ అను ఉద్యోగి చెట్టు బెరడు, జనుపవంటి నార, చింకిగుడ్డలు, పాత చేపలవలలు దంచి కాగితము చేయు విధానమును చక్రవర్తికి నివేదించెనని చీనా చరిత్రలు చెప్పుచున్నవి. 751లో తలాస్ నదీతీరమున జరిగిన యుద్ధమున చిక్కిన చీనా బందీలవలన ఆ విద్య సమర్ఖందు చేరినదని ప్రతీతి. అచ్చటినుండి బాగ్దాదునకు, అటుపైన ఐరోపాకు ప్రాకెను. దక్కనులో దౌలతాబాదు చెంత కాగజీపుర మను ఊరే వెలసినది. తెలుగునాట కరీంనగరు సీమయందలి కోరుట్ల చేతికాగితమునకు పేరుపొందెను. అచ్చటి ముతక కాగితము పట్వారీల లెక్కపుస్తకములకు వాడుకలో నుండెడిది. మన చిట్టాపుస్తకపు కాగితము ఎచ్చట పుట్టినదో నేను నిర్ణయింపజాలను గాని, అది చేతికాగిత మనుటలో సందేహము లేదు. దీపమునకు అడ్డముపెట్టి చూచినచో జల్లెడ పుల్లల చారలు, అందందు విడివడని నారపోగులు కనబడుచున్నవి.

చేతికాగితము చేయు పద్ధతి తెలిసికొన్నచో పిల్లవాని ప్రశ్నకు సగము జవాబు దొరకును. కావున దానిని కొంచెము విస్తరించి చెప్పెదను.

పాత గోనెలు, త్రాళ్లు, వలలు, జనుపనార, చింకిగుడ్డలు – ఇవి ముడిసరకు. జనుము మన రైతుల కెఱుకయే. వరి కోసిన మాగాణులలో పశువుల మేతకును, పచ్చిరొట్టకును చల్లుదుము. దాని కాండముపై నారయే త్రాడునకును, ఆ త్రాడు అరిగి పోయిన పిదప కాగితమునకును పనికివచ్చుచుండెను. ఈ సరకును ముక్కలు నఱికి, నీట నానవేసి, కాలితో త్రొక్కు పెద్ద రోకటి క్రింద దంచుదురు. దంచినదానికి సున్నము పట్టించి కుప్పవేసి కొన్ని దినములు మాగనిత్తురు. సున్నము నారయందలి జిగురును, మడ్డిని కొఱికివేసి, శుద్ధమైన పీచును మిగుల్చును. పిడుగురాళ్ల సున్నపుబట్టీల మీదుగా పోవు మనవారికి సున్నపు ఘాటు ఎట్టిదో చెప్ప నక్కఱలేదు. మాగిన సరకును ఏటిలో కడిగి, మరల దంచి, మరల సున్నము పెట్టి, మరల కడుగుదురు. ఇట్లు పలుమారులు చేసినగాని పీచు తెల్లబడదు, మెత్తబడదు.

పిమ్మట ఆ గుజ్జును తొట్టిలో విస్తారమైన నీటితో కలుపుదురు. ఇచ్చట ఒక విశేషము. తొట్టిలో నున్నది నూటికి తొంబదితొమ్మిది పాళ్లు నీరే. గుజ్జు ఒక పాలుకూడ నుండదు. పనివాడు సన్నని పుల్లలతో అల్లిన జల్లెడవంటి అచ్చును రెండు చేతుల పట్టి నీటిలో ముంచి, పైకెత్తి, ఇటు నటు ఒక్క కుదుపు కుదుపును. నీరు కారిపోవును, పీచు ఒకదానిపై నొకటి అడ్డదిడ్డముగా పడి పలుచని పొరగా నిలుచును. ఆ కుదుపులోనే పనితనమంతయు నున్నది. కుదుపు తప్పినచో పీచులన్నియు ఒకవైపే తిరిగి, ఆ కాగితము ఒకవైపు సులువుగ చినుగును. పొరను అచ్చునుండి గుడ్డపై బోర్లించి, పొరపై పొర పేర్చి, బరువుపెట్టి నీరు పిండి, నున్నగా పూసిన గోడకు కుంచెతో అంటించి ఆరవేయుదురు. జిగురేమియు లేకుండగనే పీచులు ఒకదానినొకటి పట్టుకొనును. దంచునప్పుడు పీచు చీలి దాని అంచులు కుచ్చులు కుచ్చులుగా విచ్చుకొనుటయు, తడి యారునప్పుడు అవి దగ్గఱకు లాగబడి బిగిసికొనుటయు దీనికి కారణము.

ఆరిన కాగితముపై వెంటనే వ్రాసినచో సిరా అద్దుడుకాగితముపైవలె ప్రాకును. కావున దానికి గంజి పెట్టవలయును. చీరాల, మంగళగిరి నేతగాండ్రు పడుగునకు గంజి పెట్టి కుంచెతో దువ్వుట చూచినవారికి ఈ పని క్రొత్త కాదు. బియ్యపు గంజిగాని గోధుమ గంజిగాని పూసి, ఆరిన పిదప నున్నని రాతితోనో గవ్వతోనో రుద్ది మెఱుగుపెట్టుదురు. చిట్టాపుస్తకపు అంచులు పురుగు తినుటకు ఈ గంజియే కారణము. పురుగు కోరునది వ్రాతను గాదు, గంజిని. అయినను సున్నపు శేషము కొంత ఆ కాగితమున నిలిచియుండుటచే దానికి పులుపు పట్టదు. ఈ పులుపు అను మాటను చదువరులు గుర్తుంచుకొనవలయును.

ఐరోపాలోను దాదాపు ఇదే పద్ధతి. అచ్చట ముడిసరకు నార, ప్రత్తి గుడ్డల చింకులు. కాగితమునకు ప్రత్తిని మించినది లేదు. ప్రత్తిపీచున నూటికి తొంబదిపాళ్లకు పైగా శుద్ధమైన సెల్యులోజు. కఱ్ఱయందు అది సగమో అంతకు తక్కువో. మిగిలినదానిలో లిగ్నిన్ అను జిగురు పదార్థము నూటికి ఇరువది, ముప్పది పాళ్లుండును. అచ్చుయంత్రములు హెచ్చి, పుస్తకములు, పత్రికలు పెరిగినకొలది చింకులకు కఱవు వచ్చెను. మన సీమనుండి ఓడల కెక్కిన ప్రత్తి బేళ్లలో కొంత సీమగుడ్డయై, చినిగి, చింకియై, కాగితమై మరల మన కచేరీలకే వచ్చియుండవచ్చునని నేను అప్పుడప్పుడు తలచుకొందును.

యంత్రములు వరుసగా వచ్చినవి. 1799లో ఫ్రాన్సు దేశమున నికొలా లూయీ రొబేరు అనునతడు తెగని తీగజల్లెడపై గుజ్జు పాఱించి చుట్టలు చుట్టలుగా కాగితము తీయు యంత్రమునకు హక్కు పొందెను. దానిని ఇంగ్లండులో బాగుచేయించిన ఫోర్డ్రినియర్ సోదరులు దివాలా తీసిరిగాని, ఆ యంత్రమునకు వారి పేరే నిలిచినది. 1809లో జాన్ డికిన్సన్ గుజ్జులో తిరుగు గుండ్రని జల్లెడను కనిపెట్టెను. అట్ట తయారీకి ఇదియే మూలము. అట్లు తిరుగు జల్లెడలు నాలుగైదు వరుసగా పెట్టి, ఒక్కొక్కదానినుండి ఒక్కొక్క పొర తీసి, తడిమీదనే పొరలన్నిటిని ఒకటిగా అదిమినచో దళసరి అట్ట యగును. పైపొరకు తెల్లని గుజ్జు, లోపొరలకు పాతకాగితపు బూడిదరంగు గుజ్జు వాడుదురు. మందుల పెట్టెను చించి చూచినవా రెవరైనను ఈ రహస్యము కనిపెట్టగలరు.

అంతకు రెండేండ్లు ముందు, 1807లో, జర్మనీలో ఇల్లిగ్ అనునతడు ఐరోపాలో వాడుకలో నున్న జంతువుల జిగురునకు బదులు రోజనమును, పటికను గుజ్జులోనే కలుపు పద్ధతిని ప్రకటించెను. ఆరిన తరువాత ఒక్కొక్క తావునకు జిగురు పట్టించు శ్రమ తప్పెను. ధర తగ్గెను. లోకమంతయు దీనినే అనుసరించెను. 1840లలో కెల్లర్ అను జర్మను నేతగాడు కఱ్ఱను తిరుగలిరాతికి ఒత్తి అరగదీసి గుజ్జు చేసెను. ఈ నూఱుడు గుజ్జులో లిగ్నిన్ అంతయు అట్లే యుండును. వార్తాపత్రికలకు చవుకకాగితము దొరకెను. తరువాత కఱ్ఱను క్షారములతో ఉడికించి లిగ్నిన్‌ను తొలగించు పద్ధతులు వచ్చినవి. వానిలో డాల్ అను జర్మను రసాయనజ్ఞుడు 1880 ప్రాంతమున కనిపెట్టిన క్రాఫ్టు పద్ధతియే నేడు ఎక్కువ చోట్ల నడచుచున్నది.

పిల్లవాని ప్రశ్నకు మిగిలిన సగము జవాబు ఇచ్చట నున్నది. పటిక కాగితములో నిలిచి, గాలితేమతో కలిసి, కొంచెము కొంచెముగా ఆమ్లమును పుట్టించును. ఇదియే నేను చెప్పిన పులుపు. ఆ ఆమ్లము సెల్యులోజు గొలుసులను ఎక్కడికక్కడ తెంచివేయును. లిగ్నిన్ వెలుతురు తగిలిన కొలది గోధుమరంగునకు తిరుగును. ఒకటి బలము తీయును, ఇంకొకటి రంగు చెఱచును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కాగితమునకు తీవ్రమైన కఱవు వచ్చి, దొరికిన నాసి కాగితముపై అచ్చొత్తిన తెలుగు పుస్తకములకు ఈ రెండు రోగములును గలవు. 1950 తరువాత అమెరికాలో విలియం బారో అనునతడు పాత పుస్తకముల కాగితములను పరీక్షించి, ఈ క్షీణతకు ఆమ్లమే ముఖ్యకారణమని నిరూపించెను. అప్పటికి నూటయేబది యేండ్ల పుస్తకములు లోకములో పులిసిపోవుచుండెను.

మన దేశమున యంత్రపు కాగితమునకు మొదటి అడుగు వంగదేశమునందలి శ్రీరామపురమున పడెను. విలియం కేరీ మొదలగు క్రైస్తవ మిషనరీలు అచ్చు పనికి కాగితము చాలక సొంత మిల్లు పెట్టుకొనిరి. మొదట మనుష్యులు చక్రము త్రొక్కగా నడిచిన ఆ మిల్లునకు 1820లో ఆవిరియంత్రము తెప్పించిరి. కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లో ఆ శ్రీరామపురముననే అచ్చయినది. తరువాత కలకత్తా ప్రాంతమున బాలీ, టీటాగఢ్ మిల్లులు, లక్నోలో మఱియొక మిల్లు వెలసినవి. వీనికి ముడిసరకు ఎక్కువగా సబాయి గడ్డి, చింకులు.

గడ్డి చాలకపోగా కండ్లు వెదురుపై పడెను. డెహ్రాడూను అటవీ పరిశోధనాలయమున విలియం రెయిట్ అనునతడు వెదురును ఏ క్షారముతో, ఎంత వేడిమిలో, ఎన్ని విడతల ఉడికించవలయునో సంవత్సరముల తరబడి పరీక్షించి స్థిరపఱచెను. 1925లో వెదురు కాగితపు పరిశ్రమకు రక్షణనిచ్చు చట్టము వచ్చినది. గోదావరి ఏజెన్సీ వెదురును నమ్ముకొని రాజమహేంద్రవరమున 1920ల దశకమున పుట్టిన మిల్లు మొదట కర్ణాటిక్ పేపర్ మిల్సు. అది సరిగా సాగక, పిదప ప్రభుత్వము చేతిలోనికి పోయి ఆంధ్ర పేపర్ మిల్లుగా నడచి, 1964లో ఆంధ్ర ప్రదేశ్ పేపర్ మిల్సు అను కంపెనీ అయ్యెను. 2011లో ఒక అమెరికా కంపెనీ కొనినది. 2019లో వెస్ట్ కోస్టు పేపర్ మిల్లువారు కొనిరి. ఇప్పుడు ఆంధ్ర పేపర్ లిమిటెడ్. ఇన్నిమారులు యజమానులు మారినను అదే గోదావరి, అదే ఊరు. నిజాం రాజ్యమున 1938లో స్థాపింపబడిన సిర్పూరు మిల్లు 1942లో కాగితము తీయసాగెను. దానివలన కొత్తపేట యను గ్రామము కాగజ్‌నగరు అయినది. 2014లో మూతపడి, వేలమంది పనివారు వీధిన పడి, 2018లో మరల తెఱవబడెను.

వార్తాపత్రికల కాగితమునకు మాత్రము మనము చాలకాలము విదేశములనే నమ్ముకొంటిమి. మధ్యప్రదేశమున నేపానగరు మిల్లు 1950ల నడుమ పని మొదలిడు వఱకు ఈ దేశములో న్యూస్‌ప్రింటు తయారు కాలేదు.

యంత్రము వచ్చినను చేతికాగితమును గాంధీజీ విడువలేదు. 1934లో వార్ధాయందు అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము ఏర్పడి, జె. సి. కుమారప్ప కార్యదర్శిగా, నూనెగానుగ, దంపుడు బియ్యములతోపాటు చేతికాగితమునుగూడ పునరుద్ధరించుటకు పూనుకొనెను. కె. బి. జోషీ అచ్చట ప్రయోగములు చేసి ఆ పనిపై ఒక పుస్తకమే వ్రాసెను. ఇంత చేసినను చేతికాగితము బడిపిల్లవాని నోటుపుస్తకముగా నిలువలేదు. పెండ్లిపత్రికగను, బొమ్మలు వేయు కాగితముగను నిలిచినది. ధర ముందు ఆదర్శము ఓడుట మనము చూడని వింత కాదు.

ఇక మన నేలకు వత్తము. కృష్ణా డెల్టాలో గడ్డికి కొదువలేదు. వరిగడ్డిని ముక్కలు నఱికి, సున్నపునీటితో గుండ్రని ఉక్కుబానలలో ఆవిరిపై ఉడికించి, కడిగి, దంచి, తిరుగు జల్లెడలపై పొరలు తీసి, తడి అట్టలను ఆరుబయట ఎండకు వేసి ఆరబెట్టుట గడ్డి అట్టల పద్ధతి. చిన్న మిల్లులకు ఇది అనుకూలము. మన పుస్తకముల బైండింగులో పసుపుపచ్చగా, గట్టిగా, తడిసినచో ఉబ్బునట్టి అట్ట ఇదియే. కాని గడ్డియందు ఇసుకగుణముగల సిలికా అధికము. ఉడికించిన క్షారపు నీటిని మరల శుద్ధిచేసి వాడుకొనుటకు అది అడ్డుపడును. పెద్ద మిల్లులలో కఱ్ఱ ఉడికించిన నల్లని నీటిని చిక్కబఱచి, కొలిమిలో మండించి, ఆవిరికి ఆవిరియు, సోడాకు సోడాయు రాబట్టుదురు. చిన్న గడ్డిమిల్లులకు ఆ యంత్రము పెట్టు స్తోమతు లేక ఆ నీరు కాలువలలోనికి పోవుచుండెడిది. దానిపై నిర్బంధములు బిగిసినకొలది అట్టి మిల్లులు అనేకము మూతపడుటయో, పాత కాగితమును నానబెట్టి మరల కాగితము చేయుటకు మాఱుటయో జరిగినది.

పొగాకునకును అట్టకును గల చుట్టరికము చాలమందికి తెలియదు. 1912 నుండి మన సీమలో పొగాకు పండించి కొనుచు వచ్చిన సిగరెట్టు కంపెనీ, తన పెట్టెలకు కావలసిన అట్టకై 1975లో గోదావరి ఒడ్డున సారపాకయందు భద్రాచలం పేపర్‌బోర్డ్సు నెలకొల్పెను. 1979లో ఉత్పత్తి మొదలయ్యెను. అడవిలో వెదురు తగ్గిపోగా ఆ మిల్లువారు జామాయిలు చెట్లలో మేలైనవానిని ఎంచి, కొమ్మలనుండి మొక్కలు కట్టి రైతుల కిచ్చుట సాగించిరి. అదే కాలమున మధ్య అమెరికాలో పుట్టిన సుబాబులు మన మెట్టలకు ప్రాకెను. తీరపు ఇసుకనేలలలో సరుగుడు అంతకుముందునుండియే యున్నది. ఈ మూడు చెట్లే నేడు మన కాగితమునకు తల్లులు.

ఒంగోలు పరిసరముల మెట్టరైతు సుబాబులు వైపు ఎందుకు మొగ్గెనో వేఱుగ చెప్ప నేల? ప్రత్తికి పురుగు, మిరపకు తెగులు, పొగాకునకు వేలంపాట. సుబాబులునకు మందు కొట్ట నక్కఱలేదు, కూలీలకు వెదక నక్కఱలేదు. మూడు నాలుగేండ్లకొక కోత. మోడు మరల చిగిర్చును. వర్షము లేకున్నను బ్రతుకును. పట్టణములలో ఉద్యోగములు చేయువారి పొలములకు ఇది మఱియు అనుకూలించెను. కాని చెట్టును కొనువాడు మిల్లొక్కడే. మిరపకాయ టిక్కీలను గుంటూరు యార్డుకు పంపినచో కొనువారు పదిమంది. ధర నచ్చకున్న శీతలగిడ్డంగిలో పెట్టవచ్చును. నఱికిన కఱ్ఱ ఎండినకొలది తూకము తగ్గిపోవును. నఱుకకున్నచో మఱుసటి కోతకు ఆలస్యము. మిల్లులు కొనుట తగ్గించిన సంవత్సరములలో మన రైతులు రోడ్డెక్కిరి. ప్రభుత్వము మార్కెట్ కమిటీలద్వారా మిల్లులతో ధర ఒప్పందములు చేయించెను. ఆ ధర కాగితముమీద నున్నంత గట్టిగా కాటావద్ద ఉండలేదని రైతుల మొఱ. మా పొలము ప్రక్కరైతు ఒకడు కోతకు వచ్చిన తోటను దున్నించి మరల మిరప వేసినాడు; ఆ మిరపకు ఆ యేడు ధర పడిపోయినది. అతడు నవ్వుచునే చెప్పెను గాని నాకు నవ్వు రాలేదు.

ఆ కఱ్ఱ మిల్లు చేరిన పిదప జరుగు పని టూకీగా ఇది. తొక్క ఒలిచి, కత్తులచక్రములతో చిన్న ముక్కలుగా నఱికి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు కలిపిన ద్రవములో సుమారు నూటడెబ్బది డిగ్రీల వేడిమిని ఒత్తిడితో ఉడికింతురు. లిగ్నిన్ కరగి నల్లని నీరై పోవును. గోధుమరంగు గుజ్జు మిగులును. అట్టపెట్టెలకు అది అట్లే పనికివచ్చును. తెల్లకాగితమునకు దానిని చలువచేయవలయును. పూర్వము ఇందుకు క్లోరిన్ వాయువు వాడెడివారు. దానివలన నీటిలో విషపదార్థములు పుట్టుచుండెను. ఇప్పుడు ఆమ్లజని, క్లోరిన్ డయాక్సైడు వాడుచున్నారు. భద్రాచలం మిల్లు 2002లో ఈ మార్పు చేసికొనెను. తరువాత గుజ్జును చక్రముల నడుమ నలిపి, సుద్దపొడి కలిపి, తీగజల్లెడపై పాఱించి, ఉన్నిదుప్పట్లనడుమ ఒత్తి, వేడి ఉక్కుపీపాలమీదుగా లాగి చుట్టలు చుట్టుదురు. టన్ను గుజ్జునకు నాలుగు టన్నులకు తక్కువ కాని పచ్చికఱ్ఱ పట్టును. మనలో ఎవ్వరైనను ఇంటికి తెచ్చుకొను నోటుపుస్తకమున మన మెట్టపొలపు కఱ్ఱ యుండుటకు చాల అవకాశము కలదు.

ఈ తెల్లకాగితములలో నేడు ఎక్కువభాగము పటికతో గాక, ఆమ్లము పుట్టని జిగురుతో, సుద్దపొడితో చేయబడుచున్నది. కోరుట్ల పనివాని సున్నము చుట్టు తిరిగి మరల వచ్చినదనుకొనవచ్చును. కాబట్టి మన గ్రంథాలయమునకు ఇటీవల కొన్న పుస్తకములు, నూలుదారపు కుట్టు ఊడకున్నచో, 1940ల నవలకంటె ఎక్కువ కాలము బ్రతుకును.

మఱి మన ప్రత్తి మాట? గుంటూరు జిన్నింగు మిల్లులలో దూది తీసిన పిదప గింజను అంటియుండు పొట్టినూగు కాగితమునకు శ్రేష్ఠమైన సరకు. దూదిబట్టల చింకులును అట్టివే. కాని నేటి బట్టలలో పాలియెస్టరు కలియుటచే చింకులు పనికిరాకున్నవి. మంచి ప్రత్తికి నూలుమిల్లు ఇచ్చు ధర కాగితపు మిల్లు ఈయలేదు. ప్రత్తి కాగితము మనకు నిత్యము చేతికి తగులునది ఒక్కటే: రూపాయి నోటు. నోట్ల కాగితము కఱ్ఱతో గాక ప్రత్తిపీచుతో చేయబడును. హోషంగాబాదునందు 1968 నుండి, మైసూరునందు 2010 తరువాత నెలకొన్న మిల్లులలో ఆ కాగితము తయారగుచున్నది. చొక్కాజేబుతో పాటు నోటు ఉతుకునకు పోయినను ముద్ద గాకుండుట అందువలననే. ప్రత్తి పండించిన రైతు చేతిలో ప్రత్తి తిరిగి నిలుచునది ఆ రూపమునను, అదియు కొద్దిసేపును.

ఇప్పుడు మన బీరువాల వద్దకు తిరిగి వచ్చెదను. ఈ సీమలో గ్రంథాలయములకు పేదఱికము క్రొత్త కాదు. వేటపాలెమున 1918లో మొలకెత్తిన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసిరి. ఒక శతాబ్దము నాటి తెలుగు పత్రికల సంపుటములు అచ్చట నున్నవి. దూరదేశముల పరిశోధకులు వానికొఱకు వచ్చుచుందురు. అవన్నియు పులుపెక్కిన కాగితములే. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరు నడుమ కాలువలో పడవపై గ్రంథాలయము నడపిరి. ఆ పడవలోని పుస్తకములలో నేటికి ఎన్ని మిగిలియుండునో! నీటివలన పోయినవానికంటె పటికవలన పోయినవే హెచ్చయి యుండును.

మన గ్రంథాలయమున 1960కి పూర్వపు పుస్తకములు ఏరి లెక్కింపగా నూటపండ్రెండు తేలినవి. వానిలో ముప్పదినాలుగు పుట త్రిప్పుటకు వీలులేని స్థితిలో నున్నవి. ఈ ముప్పదినాలుగింటిని ఇండ్లకు ఇచ్చుట ఆపి, పడమటి కిటికీ ప్రక్క బీరువానుండి లోపలి గదికి మార్చితిమి. అంటుకాగితము వేయుట మాన్పించితిమి, దాని జిగురు మఱింత చెఱచును. కలరా ఉండలు పురుగును ఆపునుగాని పులుపును ఆపవు. కాబట్టి పుట విడదీయగలిగినన్ని దినములలోనే వీనికి ఫోటోలు తీయించుట ఒక్కటే మార్గము. ఆ యెనిమిదవ తరగతి పిల్లవాడు తన అన్న సెల్‌ఫోనుతో ఆదివారములలో ఆ పని మొదలుపెట్టినాడు. ఈ వ్యాసము అచ్చునకు పోవునాటికి తొమ్మిది పుస్తకములు ముగిసినవి. 1940ల నవలలో నా చేత పొడియైన పుట నూటయిరువదిమూడవది. ఆ నవల మఱియొక ప్రతి మన యూర ఎవరి యింటనైన నున్నచో, ఆ ఒక్క పుట ఫోటో తీసికొనుటకు ఒక పూట ఎరువీయ ప్రార్థన.